కొట్టము ప్లానును చదువుట ఎట్లు?

ఒక గ్రామమున నాలుగు పశువుల కొట్టమునకు ప్లాను వచ్చినది. లోపలి పొడవు 4800 మిల్లీమీటర్లని అందులో స్పష్టముగా వ్రాసి యున్నది. మేస్త్రీ ఆ అంకెను చూచి, గోడల వెలుపలి అంచుల మధ్య 4800 కొలిచి ముగ్గు పోసెను. గోడ మందము ఒక్కొక్క వైపున 230. గోడలు లేచిన పిమ్మట లోపల మిగిలినది 4340 మాత్రమే. ఒక్కొక్క పశువునకు 1200 చొప్పున మూడింటికి చోటు సరిపోయినది. నాలుగవ దానికి 740 మిగిలెను. అంతలో ఆవు ఇరుకుగా నిలువగలదు గాని పడుకొనలేదు. దానిని ఇంటివారు చింతచెట్టు క్రిందనే కట్టవలసి వచ్చినది. ముగ్గు పోసిన నాడు నేనును అక్కడనే ఉంటిని. ప్లాను నా చేతిలోనే ఉన్నది. అయినను నాకు తోచలేదు. నాటినుండి ప్లానులోని ఏ అంకెను చూచినను “ఇది ఎక్కడినుండి ఎక్కడికి?” అని అడుగుట అలవాటు చేసికొంటిని.

ప్లాను ఇంజనీర్లకే తెలియు విద్య అని మన రైతులు దానిని మడిచి పెట్టెలో పెట్టుదురు. కాని భూమి గలవారు సర్వే కొలతల పటమును ఏదో ఒకనాడు చూచియే యుందురు. గ్రామోద్యోగులకు అది నిత్యము చేతిలోనిదే. గట్టు వెంబడి గీత, గీత ప్రక్కన కొలత. కొట్టము ప్లాను కూడ ఆ జాతిదే. భేదమేమనగా, చేనును పైనుండి చూచిన చాలును; కట్టడమును కోసి కూడ చూడవలెను.

గుమ్మడికాయను అడ్డముగా కోసిన ఒక రూపు, నిలువుగా కోసిన మరియొక రూపు కనబడును గదా! కొట్టమును కిటికీల ఎత్తున అడ్డముగా కోసి, పై భాగమును తీసివేసి, మీదినుండి తొంగి చూచినట్లు గీసినది ప్లాను. పైనుండి క్రిందికి నిలువుగా కోసి ప్రక్కనుండి చూచినది సెక్షను. ఎదుట నిలుచుండి చూచినది ఎలివేషను. రైతులు మొదట చూచి మురియునది ఈ ఎలివేషనునే, కాని మూడింటిలో దానితో పని తక్కువ.

మొదట ప్లానును తీసికొనుడు. కోతకు గురియైన గోడలు దట్టముగా గాని, ఏటవాలు గీతలతో నింపి గాని కనబడును. గోడ తెగి, అక్కడ పావువంతు చుట్టు గీత ఉన్నచో అది తలుపు. ఆ తలుపు ఏ వైపునకు తెరుచుకొనునో ఆ చుట్టు తెలుపును. ‘డి’ అనిన తలుపు, ‘డబ్ల్యు’ అనిన కిటికీ. గోడల వెలుపల తెగిన చుక్కల గీత సాధారణముగా పైనున్న చూరుది.

ఇక కొలతలు. కొలత గీతకు రెండు కొసల బాణపు మొన గాని చిన్న అడ్డగీత గాని ఉండును. ఆ కొసలు గోడ లోపలి అంచును తాకుచున్నవా, వెలుపలి అంచునా, గోడ నడుమనా అని చూడుడు. మన కొట్టములో వెడల్పు వైపున గాడి 600, పశువు నిలుచు చోటు 1600, మురుగు కాలువ 300, నడవ 1100, మొత్తము 3600. రెండు గోడలు 460 కలిపిన వెలుపల 4060. పొడవున 4800కు 460 కలిపిన 5260. చిన్న అంకెలను కూడినచో పెద్ద అంకె రావలెను. రానిచో ప్లానులోనే తప్పున్నది. దానిని గీసిన వారికి చూపక పని మొదలు పెట్టరాదు.

1956లో మెట్రిక్ కొలతల చట్టము వచ్చినను మేస్త్రీల నోట నేటికిని అడుగులు, అంగుళములే వినబడును. 230 అనిన వారి తొమ్మిది అంగుళముల గోడ. 900 అనిన మూడడుగులకు కొంచెము తక్కువ. ఎవరి భాషలో వారు చెప్పుకొనవచ్చును గాని, టేపు మాత్రము ఒకటే ఉండవలెను.

స్కేలు 1:50 అనిన, కాగితము మీది ఒకటి నేలమీద ఏబది. 4800 కాగితముపై 96 మిల్లీమీటర్లుగా ఉండును. అయితే జిరాక్సు తీయుటలో పటము చిన్నదో పెద్దదో కావచ్చును. సెల్‌ఫోనులో వచ్చిన పటమునకు స్కేలే లేదనుకొనుడు. కావున బద్ద పెట్టి కొలువక, వ్రాసిన అంకెనే నమ్ముడు.

అదే షీటులో గచ్చు ప్రక్కన 1:40 అని ఉండును. ఇది స్కేలు కాదు, వాలు. నలుబదికి ఒకటి చొప్పున, 1600 పొడవున గాడివైపు కంటె కాలువవైపు 40 మిల్లీమీటర్లు పల్లముగా ఉండవలెనని అర్థము. పునాది ప్రక్కన 1:4:8 అని ఉన్నచో అది సిమెంటు, ఇసుక, కంకరల పాలు. మూడును ఒకే తీరున వ్రాయుదురు గావున, ఏది దేని ప్రక్కన ఉన్నదో చూచుకొనవలెను.

అన్నిటికంటె ఎక్కువ సేపు చూడవలసినది సెక్షను. భూమిలో పూడిపోవునదంతయు అందులోనే కనబడును. ‘జి.యల్.’ అను గీత నేల మట్టము. దానిని సున్నగా పెట్టుకొందురు. గచ్చు మట్టము +450 అనిన నేలకు అంత పైన, పునాది అడుగు −900 అనిన నేలకు అంత క్రింద. ఇంకొకచోట ఒక మేస్త్రీ ఈ 900ను గచ్చు మట్టమునుండి కొలిచెను. గచ్చే నేలకు 450 పైనున్నది గనుక నేలలోనికి దిగినది 450 మాత్రమే. అది నల్లరేగడి, వానకు ఉబ్బి, ఎండకు కుంగి, పగుళ్లు తీయు నేల. రెండవ వేసవికి గాడి వెంబడి గోడ నెరిచినది. పునాది పూడిపోయినందున లోతు ఎంతయో తేల్చుటకు మరల త్రవ్వవలసి వచ్చెను. కావున కాంక్రీటు వేయక ముందే గోతిలో బద్ద నిలిపి, నేల మట్టమున త్రాడు లాగి, లోతు కొలువుడు. పునాది కాంక్రీటు మందము 150 అని ఉన్నచో, వేసిన పిమ్మట త్రాడునుండి దాని పైభాగమునకు 750 రావలెను.

షీటు మూలనున్న పెట్టెలో తేదీ, సవరణ సంఖ్య ఉండును. ఒకే కొట్టమునకు రెండు షీట్లు చేరినచో కడపటిదే ఉంచుకొని, పాతదానిమీద అడ్డగీత కొట్టుడు. మేస్త్రీ చేతిలోనిది ఏదో కూడ చూడుడు.

ముగ్గు పోయు నాడు మీరే టేపు పట్టుకొనుడు. వెలుపలి అంచున పొడవు 5260, వెడల్పు 4060 వచ్చినవా చూచి, ఆపై మూలనుండి ఎదుటి మూలకు ఐమూలగా రెండు వైపుల కొలువుడు. రెండును 6645 వచ్చినచో మూలలు మట్టముగా ఉన్నట్లు. తేడా ఉన్నచో ముగ్గు చెరిపి మరల పోయించి, రెండవసారి కొలిచిన తరువాతనే గునపము వేయనిండు.