రైలుపెట్టెకు దెబ్బ తగిలినచో

కంప్యూటరు తెరపై రైలు నడుపు ఆటలు నేటి బాలురకు పరిచితములే. ఆ ఆటలో పెట్టెను వేగముగా మఱియొక పెట్టెకు తాకించినచో, నష్టము నూటికి ఇంత యని తెరపై అంకె కనబడును. మీట నొక్కినంతనే పెట్టె మరల క్రొత్తదగును. ఎఱ్ఱగుంట్ల నుండి ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా నంద్యాలకు పోవు మార్గము 2016లో ప్రారంభమైనది. దానిపై తిరుగు పెట్టెలకు అట్టి మీట లేదు.

కదలుచున్న ప్రతి వస్తువునందును కొంత శక్తి యుండును. అది ఆగవలసి వచ్చినపుడు ఆ శక్తి ఎచ్చటికైనను పోవలెను గదా! బ్రేకు వేసినపుడు వేడిమిగా మారును; ఢీకొన్నపుడు ఇనుమును వంచును. వేగము రెట్టింపైనచో శక్తి నాలుగింతలగును. గంటకు 5 కిలోమీటర్ల వేగమున పెట్టెలను కలిపినపుడు కొనలయందలి బఫర్లు తాకిడిని సహించును. 10 కిలోమీటర్లయినచో అవి నాలుగింతల శక్తిని మ్రింగవలెను. పైకి సొట్ట కనబడకున్నను అడుగుచట్రము వంగవచ్చును. అప్పుడు తలుపులు బిగుసుకొనును. బరువు అన్ని చక్రములపైనను సమముగా పడదు. అట్టి పెట్టె పట్టాలు తప్పుట సులభము. తుప్పు సంగతి వేఱు. మరుగుదొడ్ల చెంత నిలిచిన నీరు ఏండ్ల తరబడి ఉక్కు రేకును తినివేయును. అటుపిమ్మట చిన్న తాకిడియే చాలును.

ముద్దనూరునకు సమీపమున గల మంగపట్నము వద్ద 1902 సెప్టెంబరు 12వ తేదీన ఘోరప్రమాదము జరిగినది. వరదకు వంతెన కొట్టుకొనిపోగా మద్రాసు మెయిలు వాగులో కూలినది. డెబ్బదిమందికి పైగా మరణించిరి. ఆ కాలపు పెట్టెల గోడలు సాధారణముగా కొయ్యవి. దెబ్బకు ఉక్కు వంగును. కొయ్య చీలి, ఆ చీలికలే లోనివారిని గాయపఱచును.

1955లో పెరంబూరున స్థాపింపబడిన కర్మాగారము ఉక్కు పెట్టెలను నిర్మించి ఈ లోపమును చాలవఱకు తీర్చినది. అయినను ఘోరమైన తాకిడిలో ఒక పెట్టె వేఱొకదానిపైకెక్కుటయో, దానిలోనికి చొచ్చుకొనిపోవుటయో జరుగుచుండెను. లోనివారికి ఇంతకన్న ప్రాణాంతకమైనది లేదు. తరువాత జర్మనీ నమూనాపై వచ్చిన పెట్టెలకు తుప్పుపట్టని ఉక్కు వాడిరి. నడుమనుండు బలమైన కొక్కెము, పెట్టెలు ఒకదానిపై నొకటి యెక్కకుండ చాలవఱకు ఆపును. పాత నమూనా పెట్టెల నిర్మాణము 2018లో నిలిచినది గాని, కొన్ని యింకను తిరుగుచున్నవి. ఎఱ్ఱగుంట్లలో దూరప్రయాణపు రైలు నిలిచినపుడు ప్లాట్‌ఫారము మీదనుండియే రెండు పెట్టెల నడుమ చూడుడు. ఇరుప్రక్కల గుండ్రని బఫర్లున్నచో అది పాతది; నడుమ కొక్కెము మాత్రమే యున్నచో క్రొత్తది.