ముట్టడిలో లోపలివారి సాక్ష్యము

కోయంబత్తూరున ఆర్.ఎస్. పురమునందును, మధుర వీథులయందును తెలుగు మాట వినబడుట క్రొత్త గాదు. విజయనగర ప్రభువుల నాటను, మధుర నాయకరాజుల నాటను దక్షిణమునకు తరలివచ్చిన కుటుంబముల సంతతివారు నేటికిని ఇంట తెలుగు పలుకుచున్నారు. బడిలో తమిళము చదువుచున్నారు. పెక్కుమందికి తెలుగు లిపి రాదు. చెన్నపురియందలి మన న్యాయవాదులును, వైద్యులును, ఉద్యోగులును వీరిని చూచి ముచ్చటపడుటయే గాని, వీరియొద్ద మనము తెలిసికొనవలసిన దొకటి కలదని తలచుట అరుదు.

ఈ వలసలకు గల కారణములలో యుద్ధ మొకటి. 16వ శతాబ్దమున విశ్వనాథనాయకుడు మధురరాజ్యమును 72 పాళెములుగా విభజించి, మధురకోటకు గల 72 బురుజులను ఒక్కొక్కటిగా ఆ పాళెగాండ్రకు అప్పగించెనని ప్రసిద్ధి. నేడు ఆ కోట లేదు. 19వ శతాబ్దమున బ్లాక్‌బర్న్ అను కలెక్టరు గోడలను పడగొట్టించి కందకమును పూడ్పించెను. కోయంబత్తూరి కోటయు లేదు. 1791లో టిప్పుసుల్తాను సేనలు దానిని ముట్టడింపగా, చామర్స్ అను ఆంగ్ల సేనాని కొన్ని నెలలు నిలిచి తుదకు నవంబరులో లొంగిపోయెను. ఇప్పుడు ‘కోట్టైమేడు’ అను పేట పేరు మాత్రమే ఆ కోటకు గురుతు.

గోడలు పోయినచో పోవుగాక! గోడల లోపల నున్నవారి మాట యేమైనది? ఇది విచారింపదగిన ప్రశ్న. దీనికి పాంచాలంకురిచ్చికంటె తగిన నిదర్శనము దక్షిణదేశమున లేదు.

తూత్తుకుడి జిల్లాలోని యీ పాళెమును ఏలినవారు తెలుగు మాటాడు రాజకంబళ నాయకులు. వారి కోట రాతికోట కాదు. ఇంచుమించు 500 అడుగుల పొడవును, 300 అడుగుల వెడల్పును గల మట్టికోట. గోడ యెత్తు 12 అడుగులు. చుట్టును దట్టమైన ముండ్లకంచె. కప్పము విషయమై కుంపిణీవారికిని వీరపాండ్య కట్టబొమ్మనికిని వైరము ముదిరి, 1799 సెప్టెంబరు 5వ తేదీన మేజర్ బ్యానర్‌మన్ కోటపై బడెను. అక్టోబరు 16వ తేదీన కయత్తారులో కట్టబొమ్మని ఉరితీసిరి. కోటను నేలమట్టము చేసిరి.

అంతటితో కథ ముగియలేదు. 1801 ఫిబ్రవరి 2వ తేదీన అతని తమ్ముడు, మాటరానివాడగుటచే ‘ఊమైదురై’ యని పిలువబడినవాడు, పాళయంకోట చెఱనుండి తప్పించుకొని వచ్చెను. కొలది దినములలోనే మట్టిగోడలు మరల లేచినవి. మార్చి 31వ తేదీన మేజర్ మెకాలే ఫిరంగులతో గోడను గండికొట్టి సేనను పురికొల్పెను. సైనికులు కంచె దాటిరి, గండికడకు చేరిరి. లోపలికి మాత్రము పోలేకపోయిరి. లోపలినుండి పొడవైన బల్లెములు పొడుచుచుండెను. ముందువారు కూలుచుండ వెనుకవారు త్రోయుచుండిరి. ఆ కల్లోలమున సేన వెనుదిరిగెను. పిమ్మట కర్నల్ ఆగ్న్యూ పెద్ద ఫిరంగులతోను, అదనపు సేనతోను వచ్చువరకు కోట నిలిచి, మే 24వ తేదీన పడిపోయెను. కోట వెడలి పోవువారిని గుఱ్ఱపుదళము తరిమి నఱికెను.

ఇదంతయు మన కెట్లు తెలిసినది? ముట్టడించినవారు వ్రాసినందున తెలిసినది. ఆ యుద్ధమున పాల్గొన్న జేమ్స్ వెల్ష్ తన జ్ఞాపకములను 1830లో ప్రకటించెను. బిషప్ కాల్డ్వెల్ తిరునల్వేలి చరిత్ర 1881లో వెలువడెను. వెల్ష్ శత్రువును మెచ్చుకొనగలిగిన ధర్మపరుడే. కాని యెంతటి ధర్మపరుడైనను గోడ కీవలనుండి చూచినవాడు. ఒక పక్షపు సాక్షులను మాత్రమే విచారించి చెప్పిన తీర్పును ఏ న్యాయస్థానమును తీర్పుగా అంగీకరింపదు. చరిత్రలో మాత్రము మనము దానిని రెండువందల యేండ్లుగా అంగీకరించుచున్నాము.

లోపలివారి సంగతి వెల్ష్ గ్రంథమున ఒక్కచోట తళుక్కుమనును. కోట పడినపిమ్మట ఒక తల్లి శవములనడుమ తన కుమారుని వెదకుచు వచ్చి, కొనయూపిరితో నున్న వానిని కనుగొనెను. అతడు తన్ను విడిచి, ప్రక్కనే గాయపడి యున్న ఊమైదురైని కాపాడుమనెను. స్త్రీలు ఆతనిని తమ ఊరికి మోసికొనిపోయిరి. వెదకుచు వచ్చిన ఎట్టయాపురము భటులను చూచి, అతనిపై గుడ్డ కప్పి, మశూచికముచే మరణించిన బంధువని యేడ్చిరి. భటులు జడిసి మరలిపోయిరి. వెల్ష్ కథలో ఆ తల్లి తల్లియే. ఆమెకు పేరు లేదు. ఊమైదురైని పిమ్మట పట్టుకొని అదే సంవత్సరము నవంబరు 16వ తేదీన పాంచాలంకురిచ్చిలోనే ఉరితీసిరి.

ఇందు మనము దాచుకొనరాని నిజ మొకటి కలదు. ఎట్టయాపురపు పాళెగాండ్రును తెలుగు నాయకులే. కావున ఇది తెలుగువారి పరాక్రమగాథ మాత్రమే కాదు. తెలుగువారు తెలుగువారిని తరిమిన గాథయు నగును. లోపలి సాక్ష్యమును కోరువారు ఇరుప్రక్కల సాక్ష్యమును కోరవలెను. మనకు నచ్చినది మాత్రము ఏరుకొనరాదు.

కట్టబొమ్మని కథ తమిళమున జానపదగేయముగా నిలిచినది. 1974లో తమిళనాడు ప్రభుత్వము అచట స్మారకముగా క్రొత్తకోట కట్టించినది. ఆ వంశములవారు తమ యింటిభాషలో చెప్పుకొను మాటలను తెలుగున గ్రంథస్థము చేయుట మాత్రము మన పని. అది తమిళుల బాధ్యత గాదు, ప్రభుత్వముల బాధ్యతయు గాదు. వృద్ధుల మాట వినికిడి సాక్ష్యమే యని కొట్టివేయుదురేమో. వినికిడిని పత్రములతో పోల్చి, ప్రశ్నించి, తప్పొప్పులు తేల్చవచ్చును; చెప్పువారే లేనినాడు ప్రశ్నించుట కేమియు మిగులదు.

మనలో పెక్కుమంది వ్యాజ్యములకును, వ్యాపారమునకును కోయంబత్తూరు, మధురలకు పోవుచునే యుందురు. మాటలను పట్టియుంచు యంత్రము నేడు ప్రతివాని జేబులోను కలదు. ఒక్క సాయంకాలము అచటి వృద్ధుల చెంత కూర్చుండి, వారి పలుకుబడిలోనే వారి వంశకథను చెప్పించుకొని, తెలుగు లిపిలో వ్రాసి తెచ్చుట మనకు పెద్ద శ్రమ గాదు.