కొత్త గొర్రెను అప్పుడే కలపొద్దు

కూసో బిడ్డా. అంగడిల కొన్న గొర్రెను తేంగనే మందల కలపొద్దని ఎందుకంటనో చెప్త.

మనం పారుడు రోగం అనేదానికి డాక్టర్లు పెట్టిన పేరు పీపీఆర్. జరం కాస్తది, కండ్లు పుసులు కడ్తయి, ముక్కు కారుతది, నోట్ల పుండ్లు లేస్తయి. మేత ముట్టదు. ఆ తర్వాత పారుడు, నిమ్ము. పిల్లలే ముందు పోతయి. వైరస్ ఒంట్లకు పోయినంక ఇదంతా బయటపడనీకి 4 నుంచి 6 రోజులు పడ్తది. ఆ రోజుల్ల గొర్రె సక్కగనే మేస్తది. అక్కడనే మోసపోతం. రోగం పైకి తెల్వకముందే దాని తుంపర్లతోని పక్కదానికి అంటుకోవచ్చు. అందుకే కొత్తవాటిని 21 రోజులు వేరే దొడ్డిల, వేరే నీళ్లతొట్టితోని ఉంచాలె. 2017ల సర్కారు గొల్లకురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది గదా, అవి పక్క రాష్ట్రాల నుంచి లారీలల్ల వచ్చినయి. అంత దూరం నుంచి జీవాలు వచ్చినప్పుడు ఈ ఎడం మరీ ముఖ్యం.

మన ఊరు నెల్లికుదురు మందకే కాదు, దేశాలకూ ఇదే తిప్పలు. 1920ల మన దేశం నుంచి బ్రెజిల్‌కు పోయే పశువులు నడుమ బెల్జియంల యాంట్‌వర్ప్ రేవుల దిగినయి. వాటితోని రిండర్‌పెస్ట్ అనే పశువుల అంటురోగం ఆ దేశంల పాకింది. ఆ దెబ్బకు 1924ల 28 దేశాలు ప్యారిస్‌ల ఒక సంస్థ పెట్టుకున్నయి. ఎక్కడ పశువులకు అంటురోగం వచ్చినా దాచకుండ మిగతా దేశాలకు చెప్పాలె అని ఒప్పుకున్నయి. నన్నడిగితే ఆ ఒప్పందం టీకా అంత గొప్పది.

రిండర్‌పెస్ట్ మీద మనోళ్లు 1954 నుంచి ఊరూరా టీకాలేసిండ్రు. 1995 తర్వాత ఇక్కడ మళ్ల కనబడలేదు. 2011ల లోకంలనే లేదని ప్రకటించిండ్రు. మశూచి తర్వాత మనిషి పూర్తిగ తుడిచేసిన రోగం అదొక్కటే. పారుడు రోగం వైరస్ దానికి దాయాది. దీన్ని కూడ 2030 కల్ల లేకుండ చెయ్యాలని అన్ని దేశాలు పట్టువట్టినయి. అయితది బిడ్డా, నాకు నమ్మకముంది.

పారుడు రోగం టీకా మన దేశంల ముక్తేశ్వర్‌లనే తయారైంది. ఒక్కసారి ఏస్తే మూడేండ్లకు పైగనే కాస్తది. పిల్లలకు మాత్రం నాలుగో నెల దాక ఆగాలె. జున్నుపాలతోని వచ్చిన రక్షణ ఒంట్ల ఉన్నన్నాళ్లు టీకా పట్టదు. మందు ఐసులనే ఉండాలె, కలిపినంక ఎండ తగలనియ్యొద్దు, తొందరగ ఏసెయ్యాలె. కాబట్టి డాక్టరు సారు వచ్చిన పొద్దు మందను దూరం తోలకుర్రి, దొడ్లనే ఆపుర్రి. మీ అయ్యకు గూడ చెప్పు.