శిక్షణ పిల్లవాడికా, పెద్దలకా?

పొద్దున ఏడు గంటలు. తల్లి పొయ్యి దగ్గర ఉంది. "ఒరేయ్, స్నానానికి రా" అని అక్కణ్ణుంచే కేకేసింది. పిల్లవాడికి ఎనిమిదేళ్లు. వాకిట్లో కుక్కపిల్ల వెంట పరిగెత్తుతున్నాడు. రాలేదు. రెండోసారి పిలిచింది. "వస్తున్నా" అన్నాడు. దారిలో గోళీ కనబడింది. అక్కడే ఆగిపోయాడు. మూడోసారి పిలిచేసరికి అన్నం మాడింది. తల్లి గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. రెండు దెబ్బలు పడ్డాయి. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. నాయనమ్మ వచ్చి ఒళ్లోకి తీసుకుంది. "పసివాణ్ణి చంపుతావా?" అని కోడల్ని తిట్టింది. ఆ రోజు వాడు బడికి పోలేదు.

ఇలాంటి పొద్దు ఏ ఇంట్లోనైనా ఒకటి రెండు ఉంటాయి. కొన్ని ఇళ్లలో ప్రతి పొద్దూ ఇంతే.

అలాంటి పిల్లవాడు బడిలోనూ కుదురుగా కూచోడు. పలక పోగొడతాడు. అడగడం పూర్తికాకముందే జవాబు చెబుతాడు. లెక్క సగంలో వదిలేస్తాడు. అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటతాడు. టీచరు విసుక్కుంటారు. ఇరుగుపొరుగు వాళ్లు "అంతా తల్లి గారాబం" అంటారు. తండ్రి కూడా సాయంత్రం వచ్చి ఆ మాటే అంటాడు.

ఇది పొగరు కాకపోవచ్చు. గారాబమూ కాకపోవచ్చు. డాక్టర్లు దీన్ని ఏ.డి.హెచ్.డి. అంటారు. ఈ పిల్లలకు ధ్యాస ఒకచోట నిలవదు. ఒళ్లు ఒకచోట ఆగదు. మనసుకు తోచింది అప్పటికప్పుడు చేసేస్తారు. మెదడు ఎదిగే తీరులో ఉన్న తేడా వల్ల ఇలా అవుతుంది. గాలి సోకడం, దిష్టి తగలడం వల్ల కాదు. ప్రపంచం మొత్తం మీద నూరుమంది పిల్లల్లో సుమారు అయిదుగురికి ఉంటుందని అంచనా. కొత్తగా వచ్చిందీ కాదు. 1902లోనే లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి చెప్పాడు. ఇది చాలావరకు వంశంలో వస్తుంది. "వీడి నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే" అని నాయనమ్మ అంటుంది చూడండి, అది డాక్టరుకు పనికొచ్చే మాట.

ఆడపిల్లలకూ ఉంటుంది. వాళ్లలో చాలామంది గంతులెయ్యరు. కిటికీలోంచి చూస్తూ కూచుంటారు. చెప్పింది మరిచిపోతారు. "మొద్దు" అని పేరు పడుతుంది. ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకుపోరు.

అయితే అల్లరి చేసే ప్రతి పిల్లకూ ఈ పేరు పెట్టకూడదు. మూడేళ్ల పిల్ల గంతులేస్తే అది వయసు. డాక్టర్లు కొన్ని సంగతులు చూస్తారు. ఈ తీరు కనీసం ఆరు నెలలుగా ఉందా? ఇంట్లోనూ బడిలోనూ రెండుచోట్లా ఉందా? పన్నెండేళ్లలోపే మొదలైందా? చెవులు సరిగా వినబడుతున్నాయా, కళ్లు కనబడుతున్నాయా అని కూడా చూస్తారు. వినబడని పిల్ల పిలిస్తే ఎలా పలుకుతుంది?

కొట్టులో జరిగే సంగతి

అమెరికాలో ఆరెగన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ జెరాల్డ్ ప్యాటర్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. 1960 తర్వాతి సంవత్సరాల్లో ఆయనా, ఆయనతో పనిచేసేవాళ్లూ మాట వినని పిల్లల ఇళ్లకే వెళ్లారు. ఒక మూల కూచున్నారు. తల్లి ఏమంది, పిల్లవాడు ఏం చేశాడు, మళ్లీ తల్లి ఏం చేసింది, అన్నీ రాసుకున్నారు. వాళ్లకు కనబడింది మన ఊళ్లోనూ రోజూ కనబడేదే.

తల్లి కిరాణా కొట్టుకు వెళ్లింది. పిల్లవాడు బిస్కెట్లు అడిగాడు. ఆమె వద్దంది. వాడు ఏడ్చాడు. మళ్లీ వద్దంది. వాడు నేల మీద పడి దొర్లాడు. జనం చూస్తున్నారు. తల్లికి తల కొట్టేసినట్టయింది. కొనిచ్చింది. వాడు ఊరుకున్నాడు.

ఇక్కడ ఇద్దరూ ఒక్కొక్క పాఠం నేర్చుకున్నారు. దొర్లితే బిస్కెట్టు వస్తుందని పిల్లవాడు నేర్చుకున్నాడు. ఇచ్చేస్తే గోల ఆగుతుందని తల్లి నేర్చుకుంది. రేపు వాడు ఇంకా తొందరగా దొర్లుతాడు. ఆమె ఇంకా తొందరగా ఇస్తుంది. ఒక్కోరోజు ఆమె గట్టిగా అరుస్తుంది. వాడు ఆగుతాడు. అప్పుడు అరుపే మందు అనిపిస్తుంది. మర్నాడు అంతకంటే గట్టిగా అరవాల్సి వస్తుంది. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఇద్దరూ ఒకే ఉచ్చులో చిక్కుకున్నారు.

1968లో ప్యాటర్‌సన్ మరొకరితో కలిసి తల్లిదండ్రుల కోసం ఒక చిన్న పుస్తకం రాశాడు. పిల్లవాడిని మార్చాలంటే ముందు వాడి చుట్టూ ఉన్నవాళ్లు చేసే పని మారాలి అన్నది ఆయన పద్ధతి. ఇప్పుడు చాలా దేశాల్లో ఇచ్చే తల్లిదండ్రుల శిక్షణకు ఆ పనే ఒక మూలం.

శిక్షణ అంటే తల్లికి పెంచడం రాదని కాదు. అన్నకు పనికొచ్చిన పద్ధతి ఈ పిల్లవాడికి చాలదు, అంతే. "పరీక్ష పాసైతే సైకిలు కొంటా" అంటే అన్న ఏడాదంతా చదువుతాడు. వీడికి ఏడాది అన్నది కనబడదు. ఇప్పుడే, ఇక్కడే ఏదో ఒకటి దక్కాలి.

ఏం నేర్పుతారు?

సాధారణంగా వారానికోసారి, రెండు మూడు నెలలు వెళ్లాలి. అక్కడ విన్నది ఇంట్లో చేసి చూడాలి.

మొదటి వారాల్లో శిక్షల మాటే ఉండదు. రోజూ పది పదిహేను నిమిషాలు పిల్లవాడితో కూచోమంటారు. వాడికి ఇష్టమైన ఆటే ఆడాలి. ఆ కాసేపు "అలా కాదు, ఇలా" అనకూడదు. చదువు మాట ఎత్తకూడదు. ఇది వినడానికి తేలిక. కూలికి పోయి వచ్చి, నీళ్లు తెచ్చి, వంట చేసే ఆడమనిషికి పది నిమిషాలు ఎక్కడివి? తండ్రి ఆడొచ్చు. తాత ఆడొచ్చు. కానీ రోజంతా తిట్లు తినే పిల్లవాడికి ఆ పది నిమిషాలు చాలా పెద్దవి.

తర్వాత మెచ్చుకోవడం నేర్పుతారు. "మంచివాడివి" అంటే చాలదు. "పిలవగానే వచ్చావు, బాగుంది" అనాలి. చేసిన వెంటనే అనాలి.

పని చెప్పే తీరు కూడా మార్చమంటారు. పొయ్యి దగ్గర నుంచి కేకెయ్యకుండా వాడి దగ్గరికి వెళ్లాలి. భుజం మీద చెయ్యి వెయ్యాలి. వాడు మొహంలోకి చూశాక ఒక్క పని చెప్పాలి. "స్నానం చేసి, బట్టలేసుకుని, సంచి సర్దుకో" అంటే మూడు పనులు. వాడికి చివరిది కూడా గుర్తుండదు. "తువ్వాలు తీసుకో" అంటే ఒకటి.

చింతగింజల లెక్క పిల్లలకు బాగా నచ్చుతుంది. చెప్పిన పని చేస్తే డబ్బాలో ఒక గింజ. అయిదు గింజలకు సాయంత్రం ఒక కథ. పదికి చెరువుగట్టు దాకా షికారు. ఏ పనికి గింజ, ఎన్నింటికి ఏం వస్తుంది అన్నది ముందే చెప్పాలి. ఒప్పుకున్నది అదే రోజు ఇచ్చెయ్యాలి. (ఇంట్లో పాకే బిడ్డ ఉంటే గింజలు వద్దు. గోడ మీద సుద్దగీతలు చాలు.)

చిన్న చిన్న గునుపులు, గొణుగుళ్లు చూసీ చూడనట్టు వదిలెయ్యాలి. ఎవర్నైనా కొట్టినా, రోడ్డు మీదికి పరిగెత్తినా వదలకూడదు. వెంటనే ఆపాలి. ఆట ఆపి రెండు మూడు నిమిషాలు ఒక పక్కన కూచోబెట్టాలి. చీకటి గదిలో పెట్టడం, తిండి మానిపించడం, కొట్టడం ఇందులో లేవు.

ఒక సంగతి ముందే తెలియాలి. ఏడిస్తే ఇవ్వడం మానేసిన మొదటి రోజుల్లో ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. నిన్నటిదాకా ఏడిస్తే వచ్చింది కదా, ఇంకొంచెం గట్టిగా ఏడుద్దాం అని చూస్తాడు. చాలామంది తల్లులు ఇక్కడే ఓడిపోతారు. నాలుగో రోజు ఇచ్చేస్తే, నాలుగు రోజులు ఏడవాలని నేర్పినట్టవుతుంది.

ఇంటిల్లిపాదీ రావాలి

తల్లి వద్దన్నది నాయనమ్మ కొంగుచాటున ఇస్తే అంతా మొదటికొస్తుంది. తల్లి నెమ్మదిగా చెబుతుంటే తండ్రి బెల్టు తీసినా అంతే. అందుకే ఇంట్లో వాళ్లందరినీ కూచోబెట్టి మాట్లాడతారు. బెంగుళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో పిల్లల వార్డులో చేర్చుకుంటే, ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు పిల్లవాడితో పాటే అక్కడ ఉంటారు. అక్కచెల్లెళ్ల మాట కూడా వినాలి. వాళ్ల పుస్తకాలు చింపింది వీడే. వాళ్లకూ కోపం ఉంటుంది.

తల్లి ఒక్కతే వెళ్తే ఏమవుతుంది? నేర్చుకుని వస్తుంది. ఇంట్లో ఎవరూ వినరు. నెలలోపే మానేస్తుంది. భర్త ఒక్కరోజు కూలి పోయినా సరే, శిక్షణకు వెళ్లక తప్పదు.

ఆరేళ్లలోపు పిల్లలకు మందుల కంటే ముందు తల్లిదండ్రుల శిక్షణ ఇవ్వాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లోనూ చెప్పింది. పెద్దపిల్లలకు డాక్టరు మందు రాయవచ్చు. అమెరికాలో 579 మంది పిల్లల మీద చేసిన పెద్ద పరిశీలన ఫలితాలు 1999లో వచ్చాయి. ధ్యాస నిలవడానికి మందు ఎక్కువ పనిచేసింది. మందుతో పాటు శిక్షణ కూడా ఉన్న పిల్లలకు తక్కువ మోతాదు సరిపోయింది. శిక్షణతో ఈ తేడా పూర్తిగా పోదు. ఇంట్లో కొట్లాటలు, అరుపులు తగ్గుతాయి. మందుల కొట్లో అడిగి బిళ్లలు తెచ్చి వెయ్యడం మాత్రం ప్రమాదం.

ఎక్కడికి వెళ్లాలి? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో డాక్టర్లు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చి పిల్లల్ని చూడాలి. వాళ్లు చూడాల్సిన వాటిలో ఇదీ ఉంది. ఆశా కార్యకర్తను అడిగితే ఎప్పుడొస్తారో చెబుతుంది. 14416కు ఫోను చేసినా సలహా చెబుతారు. ఇది 2022లో మొదలైన టెలిమానస్. డబ్బు పడదు. తెలుగులో మాట్లాడవచ్చు.

వెళ్లేముందు ఒక వారం పాటు నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఎప్పుడు జరిగింది, ముందు ఏమైంది, వాడేం చేశాడు, తర్వాత ఇంట్లోవాళ్లు ఏం చేశారు. అక్షరాలు వంకరగా ఉన్నా డాక్టరు చదువుకుంటారు. రాత ఇలా ఉంటే చాలు:

"సోమవారం. పొద్దున. స్నానానికి కేకేశాను. మూడుసార్లు. రాలేదు. కొట్టాను. బడికి పోలేదు."

"గురువారం. పొద్దున. దగ్గరికెళ్లి చెప్పాను. మొదటిసారికి రాలేదు. రెండోసారికి వచ్చాడు. బాగుంది అన్నాను. వాళ్ల నాన్న బడిలో దింపాడు."