పోత పెనమా? రేకు పెనమా?

దోసె పెనానికి అంటుకుపోతే ముందు పిండిని తిట్టుకుంటాం. మినప్పప్పు తక్కువైందనో, పిండి సరిగ్గా పులవలేదనో సరిపెట్టుకుంటాం. చాలాసార్లు ఆ తప్పు పెనానిదే! నాన్‌స్టిక్ పూత లేచిపోయి విసిగిపోయిన ఇల్లాళ్ళు ఇప్పుడు మళ్ళీ ఇనుము వైపు చూస్తున్నారు. తీరా కొట్టుకు వెళితే అక్కడ మూడు రకాలు కనిపిస్తాయి. బరువుగా, గరుకుగా ఉండే పోత ఇనుము (కొట్టువాళ్ళు కాస్ట్ ఐరన్ అంటారు), పల్చటి రేకు ఇనుము, తళతళలాడే స్టీలు. ఏది కొనాలి?

పోత ఇనుము, రేకు ఇనుము అక్కచెల్లెళ్ళ లాంటివి. తేడా అంతా కార్బన్‌లో ఉంది. పోత ఇనుములో అది 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. కరిగించి అచ్చులో పోస్తారు. గట్టిదే కానీ పెళుసు. చెయ్యి జారి గచ్చు మీద పడితే పగిలిపోవచ్చు. రేకు పెనంలో కార్బన్ చాలా తక్కువ. అందుకే పడితే సొట్టపోతుందేమో గానీ పగలదు. ఇక స్టీలులో 10 శాతానికి పైగా క్రోమియం కలుపుతారు కాబట్టి తుప్పు పట్టదు. అయితే వేడిని అన్ని వైపులకూ పాకించడంలో ఇనుము కన్నా బాగా వెనకబడి ఉంటుంది. వట్టి స్టీలు పెనం మీద అట్టు నడుమ మాడి, అంచులు పచ్చిగా ఉండిపోయేది ఇందుకే.

పోత పెనం వేడిని సమానంగా పంచుతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. అది పూర్తిగా నిజం కాదు. నిదానంగా వేడెక్కుతుంది, మొదట్లో మంట తగిలిన చోటే ఎక్కువ కాగుతుంది. దాని గొప్పంతా వేడిని పట్టి ఉంచడంలో ఉంది. అట్టుకీ అట్టుకీ మధ్య నీళ్ళు చిలకరిస్తాం, ఆపైన చల్లటి పిండి వేస్తాం. పల్చటి పెనం అప్పుడు ఒక్కసారిగా చల్లారిపోతుంది. మందపాటి పోత పెనం చలించదు. పెసరట్టు కరకరలాడుతూ లేస్తుంది. కాకపోతే సన్నటి సెగ మీద ముందు కొన్ని నిమిషాలు ఓపిక పట్టాలి.

పుల్కాలకూ, జొన్నరొట్టెకూ లెక్క వేరు. అక్కడ మంట పెంచగానే వేడెక్కాలి, తగ్గించగానే దిగాలి. దానికి రేకు పెనమే హాయి. బరువు సంగతి కూడా చూసుకోవాలి. 12 అంగుళాల పోత పెనం రెండు కిలోల పైనే తూగుతుంది. మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళు రోజూ దాన్ని ఎత్తి, కడిగి, దించడం శిక్షే. అలాంటివాళ్ళు కాస్త మందంగా ఉన్న రేకు పెనం కొనుక్కుంటే దోసెలకూ పనికొస్తుంది. అసలు పేరు కన్నా మందం ముఖ్యం.

కొనేటప్పుడు పెనాన్ని వేలితో కొట్టి చూడండి. రేకు ఖంగుమంటుంది. పోత ఇనుము బొద్దుగా టప్పుమంటుంది. పిడి విడిగా అతికి ఉందా, పెనంతో పాటే పోసి ఉందా చూడండి. అయస్కాంతంతో మాత్రం తేల్చుకోలేరు, రెండింటికీ అతుక్కుంటుంది.

ఇక ఆడవాళ్ళందరికీ పనికొచ్చే ప్రశ్న: ఇనుప పెనం మీద వండితే రక్తం పడుతుందా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మనకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవాళ్ళకు 19 చాలు. ఇంట్లో అందరికీ పెట్టి, మిగిలిన దాంతో సరిపెట్టుకునే మనకు ఇది ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇనుప పాత్రలో వండితే వంటలోకి ఇనుము దిగడం నిజమే. ఇథియోపియాలో పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇనుప పాత్రల్లో వండిన తిండి తిన్న పిల్లలకు అల్యూమినియం గిన్నెల వాళ్ళకన్నా రక్తం మెరుగ్గా పట్టింది. అలాగని దోసె మీద ఆశ పెట్టుకోకండి. నూనె పూత పట్టిన పెనం మీద రెండు నిమిషాలు ఉండే అట్టులోకి దిగేది కొంచెమే. పులుపూ తడీ ఉన్న వంట కాసేపు ఉడికితేనే బాగా దిగుతుంది. టమాటా కూరో, పుల్లటి ఆకుకూరో ఇనుప మూకుట్లో వండి, వెంటనే వేరే గిన్నెలోకి తీసేయండి. అందులోనే ఉంచితే నల్లబడి చిలుము వాసన వేస్తుంది. ఏమైనా డాక్టరు రాసిన ఐరన్ మాత్రలకు మూకుడు బదులు కాదు. తలసీమియా లాంటివి ఉన్నవాళ్ళు డాక్టరును అడిగాకే ఈ పద్ధతి పెట్టుకోవాలి. అన్నం తిన్న వెంటనే కాఫీ, టీ తాగే అలవాటుంటే మాత్రం ఓ గంట వెనక్కి జరపండి. అవి ఇనుమును ఒంటబట్టనివ్వవు.

కొత్త పెనాన్ని బాగా కడిగి, తడి ఆరేలా వేడిచేసి, పల్చగా నూనె రాసి సెగ మీద కాచి చల్లార్చాలి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే నల్లటి నునుపు వస్తుంది. నూనె ఎక్కువ రాస్తే జిగురు పడుతుంది. మొదటి వారం సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్దుతూ అట్లు వేయండి. మొదటి నాలుగూ చిరిగినా కంగారు పడకండి. కాగిన పోత పెనాన్ని కుళాయి కింద పెట్టకండి, పగలొచ్చు. రేకుదైతే వంగిపోయి స్టవ్ మీద గిరగిరా తిరుగుతుంది. పీచుతో పైపైన కడిగి, పొయ్యి మీదే తడి ఆర్చి, ఓ చుక్క నూనె రాసి పెట్టండి. వానాకాలంలో వాడకుండా పక్కన పెడితే పాత పేపరులో చుట్టండి. తుప్పు పట్టినా పారేయక్కర్లేదు. గరుకు ఉప్పుతో తోమి, మళ్ళీ మొదటి నుంచి నూనె పట్టిస్తే సరి.