జీతపు సిపాయి

క్రిందటి సంవత్సరం బి.ఏ. విద్యార్థులకు పల్నాటి వీరుల సంగతి చెబుతూ, "ఉప్పు తిన్న ప్రభువు కోసం ప్రాణాలిచ్చినవారు" అన్నాను. వెనుక బెంచీ నుంచి ఒక కుర్రవాడు లేచి, "జీతం పుచ్చుకుని పోరాడేవాడు కూలివాడవుతాడు గాని, వీరుడెట్లా అవుతాడు మాస్టారూ?" అని అడిగాడు. క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వేసి పాఠంలో పడ్డాను. వాడి అన్న సైన్యంలో చేరాడనీ, "గతిలేక జీతానికి పోయాడు" అని ఊళ్లో నలుగురూ అంటున్నారనీ తరువాత తెలిసింది. ఆనాటి నా నవ్వు నాకే ముల్లులా గుచ్చుకున్నది.

సమాధానం వెదుక్కుంటూ ఎక్కడో ఉత్తరాన వున్న స్వీడన్ చరిత్ర దాకా పోయాను. 1680 ప్రాంతాల పదకొండవ కార్ల్ రాజు అక్కడ ఒక ఏర్పాటు చేశాడు. కొన్ని కమతాలవారు కలిసి ఒక సిపాయిని పోషించాలి. అతనికి చిన్న ఇల్లూ, కాస్త నేలా ఇవ్వాలి. యుద్ధం లేనప్పుడు అతడు సేద్యం చేసుకుంటాడు. అతడు చనిపోతే మాత్రం భార్య ఆ ఇల్లు ఖాళీ చేయవలసిందే! ఇది ఒక రకం. రెండో రకం, కేవలం జీతం మీద చేరినవారు. వీరికి నేలా లేదు, ఇల్లూ లేదు. స్టాక్‌హోంలో కాపలా ముగించుకుని, చాలీచాలని జీతానికి తోడు కూలినాలి చేసి సంసారాలు ఈడ్చినవారు వీరిలో ఎందరో. 'స్వేయా లీవ్‌గార్డె' అనే రాజరక్షక పటాలం యీ రెండో రకానిది.

ఆ పేరు తరువాత వచ్చినదే గాని, తన పుట్టుక 1521లోనని పటాలం చెప్పుకుంటుంది. డెన్మార్కు రాజు అంతకు ముందటి నవంబరులో స్టాక్‌హోంలో స్వీడిష్ పెద్దలను నరికించాడు. వారిలో గుస్తావ్ వాసా తండ్రి ఒకడు. గుస్తావ్ దాలర్న అనే కొండసీమకు పారిపోయి, అక్కడి రైతులను కూడగట్టాడు. వారు అతనికి అంగరక్షకులుగా ఇచ్చిన యువకులతోనే యీ కథ ఆరంభం.

1700లో నార్వా దగ్గర పన్నెండవ కార్ల్ గెలిచినప్పుడు యీ పటాలం వెంట వున్నది. 1709లో పొల్తావా దగ్గర ఓడినప్పుడూ వున్నది. అక్కడ చావగా మిగిలినవారు కొద్దిరోజులకే పెరెవొలోచ్నాలో రష్యావారికి చిక్కారు. యుద్ధఖైదీలలో ఎందరినో సైబీరియాకు తోలారు. 1721లో సంధి కుదిరేదాకా, అంటే పన్నెండేళ్లు, విడుదల లేదు. తిరిగి ఇల్లు చూసినవారు కొందరే. ఆ పన్నెండేళ్ల బ్రతుకును ఏ జీతంతో కొలుస్తాం?

అయితే కథ ఇంతటితో ఆగలేదు. 1772 ఆగస్టు 19న మూడవ గుస్తావ్ రాజు కాపలాగదిలోకి వచ్చి, తన వెంట నడవమని అధికారులను అడిగాడు. నడిచారు. ఎడమ చేతులకు తెల్లని చేతిరుమాళ్లు కట్టుకుని, చుక్క రక్తం చిందకుండా రాజ్యాధికారం ఆయన చేతిలో పెట్టారు. ఇరవై ఏళ్లు తిరగకుండానే, 1792 మార్చిలో, ముసుగుల నాట్యంలో ఆ రాజును పిస్తోలుతో కాల్చినవాడు ఆంకర్‌స్ట్రోమ్. అతడెవరనుకున్నారు? ఒకప్పుడు యీ పటాలంలోనే అధికారి!

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. ఆక్సెల్ ఫెర్సెన్ అనే ప్రభువు ఫ్రెంచి రాజు కొలువులో స్వీడిష్ పేరున్న జీతపు పటాలానికి కల్నలుగా వున్నాడు. 1791 జూన్ 20న ఆ రాజదంపతులను పారిస్ నుంచి తప్పించిన బండిని తోలినవాడు ఆయనే. 1810లో స్వీడన్ యువరాజు హఠాత్తుగా మరణిస్తే, ఫెర్సెనే విషం పెట్టించాడని పుకారు పుట్టింది. జూన్ 20న, సరిగ్గా పందొమ్మిదేళ్లకు, శవయాత్రలో జనం ఆయనను రాళ్లతో, కర్రలతో కొట్టి చంపారు. రాజరక్షక భటులు తుపాకులు పట్టుకుని అక్కడే నిలబడి వున్నారు. ఎవరూ కదలలేదు. ఆయన నిర్దోషి అని తరువాత తేలింది.

1901లో దేశంలో నిర్బంధ సైనికశిక్షణ వచ్చి జీతపు పటాలాల కాలం చెల్లింది. 2000లో యీ పటాలం కూడా మరొక దానితో కలిసిపోయింది.

సైబీరియాకు నడిచినవాడూ జీతగాడే, ఫెర్సెన్ చస్తుంటే చూస్తూ నిలబడినవాడూ జీతగాడే. పుచ్చుకున్నది ఒక్కటే, ప్రవర్తన వేరు. మనిషి విలువ తేలేది చేరేనాడు కాదు, పని పడిననాడు.

ఈ మాటే క్లాసులో చెప్పి, ఆనాడు నవ్వినందుకు తప్పు ఒప్పుకున్నాను. క్లాసు ఈసారి నవ్వలేదు. సాయంత్రం ఆ కుర్రవాడు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, "మా అన్నయ్యకు ఈ కథ రాయవచ్చునా మాస్టారూ?" అన్నాడు.

"రాయి నాయనా, నా క్షేమసమాచారం కూడా రాయి" అన్నాను.