జరిమానాతో తగ్గని జబ్బు: తాగి నడిపేవారికి చికిత్స ఎందుకు?

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే వాహనం నడపడం నేరం. 2019 సవరణతో మొదటిసారి పట్టుబడితే 10 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అయినా కొందరు మళ్లీ మళ్లీ దొరుకుతుంటారు. ఎందుకు?

అందరి తాగుడూ ఒకటి కాదు. ఎప్పుడో పెళ్లి విందులో తాగిన వ్యక్తికి జరిమానా భయం సరిపోవచ్చు. మద్యానికి బానిసైన మెదడు సంగతి వేరు. అది ఆల్కహాల్‌కు అలవాటుపడి, అందనప్పుడు చేతుల వణుకు, నిద్రలేమి, తట్టుకోలేని కోరిక పుట్టిస్తుంది. అక్కడ రేపటి శిక్ష గుర్తుకు రావడం కష్టం.

గుర్తించడం ఎలా?

బ్రీత్ ఎనలైజర్ ఆ క్షణంలోని మత్తునే కొలుస్తుంది, అలవాటును కాదు. అలవాటును అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 ప్రశ్నల ‘ఆడిట్’ పరీక్షను రూపొందించింది. 40కి 8 లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వస్తే తాగుడు ప్రమాదకరం కావచ్చు. 20 లేదా అంతకంటే ఎక్కువ వస్తే వ్యసనం ఉందేమో వైద్యులు చూడాలి.

తీవ్ర వ్యసనంలో ఉన్నవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛ రావచ్చు, ప్రాణాపాయం కలగవచ్చు. అందుకే మాన్పించడం వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. తర్వాత కౌన్సెలింగ్, నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు, కుటుంబం తోడు అవసరం.

ఫలితం ఉందా?

215 అధ్యయనాలను కలిపి 1995లో చేసిన విశ్లేషణలో, ఇలాంటి కార్యక్రమాల వల్ల మళ్లీ తాగి నడపడం సుమారు 8 నుంచి 9 శాతం తగ్గింది. అవగాహన తరగతి, చికిత్స, తర్వాతి పర్యవేక్షణ కలిసినచోట ఫలితం మెరుగ్గా ఉంది. తగ్గుదల చిన్నదే కానీ, రోడ్డుపై దాని విలువ ప్రాణాల్లో ఉంటుంది. అలాగని లైసెన్స్ రద్దుకు చికిత్స ప్రత్యామ్నాయం కాదు, రెండూ కావాలి.

అమెరికాలోని సౌత్ డకోటా 2005లో మరో దారి పట్టింది. దోషులు రోజుకు రెండుసార్లు శ్వాస పరీక్షకు రావాలి; తాగినట్టు తేలితే వెంటనే ఒకటి రెండు రోజుల జైలు. కౌంటీల స్థాయిలో పునరావృత అరెస్టులు 12 శాతం తగ్గాయని 2013లో పరిశోధకులు తేల్చారు. శిక్ష పెద్దదా కాదా అన్నదానికంటే అది తప్పక, వెంటనే పడటం ముఖ్యమని ఇది సూచిస్తోంది.

హైదరాబాద్‌లో పట్టుబడినవారికి కుటుంబసభ్యుల సమక్షంలో పోలీసులు కౌన్సెలింగ్ ఇస్తున్నారు. అది మంచి మొదటి మెట్టు. అయితే ఒక్క పూట తరగతితో వ్యసనం పోదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. కోర్టు గది నుంచి వైద్యుడి గదికి దారి వేస్తే ఆ లెక్క మారవచ్చు.

సాయం కావాలంటే జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.